ఫ్రిట్జ్ హేబరు: ఒక చేత అన్నము, ఒక చేత విషము

దేవదానవులు పాలకడలిని చిలికినప్పుడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టెనని మన పురాణములు చెప్పుచున్నవి. ఆ విషమును మ్రింగి కంఠమున నిలుపుకొనుటకు అచ్చట శివుడుండెను. ఇరువదవ శతాబ్దమున ఒక రసాయన శాస్త్రజ్ఞుడు గాలిని చిలికెను. అతనికి మొదట అమృతము లభించెను, పిమ్మట హాలాహలము. దానిని మ్రింగుటకు శివుడు మాత్రము లేకపోయెను. ఆ విషము యుద్ధభూమిలో వేలకొలది సైనికుల ఊపిరితిత్తులలోనికి పోయెను. దానిని వండినవాని గృహమును కూడ అది విడువలేదు. ఆ శాస్త్రజ్ఞుని పేరు ఫ్రిట్జ్ హేబరు. నేడు లోకమున ఇంచుమించు సగముమంది తినుచున్న తిండికి అతని పరిశోధన ఆధారము. విషవాయు యుద్ధమునకు ఆద్యుడని చరిత్రకారులు చెప్పునదియు అతనినే. ఈ రెండు మాటలలో ఏదియు అబద్ధము కాదు. ఒకటి చెప్పి రెండవది దాచినచో అది హేబరు కథ కాజాలదు.

హేబరు 1868 డిసెంబరు 9వ తేదీన, అప్పటి ప్రష్యా రాజ్యమునకు చెందిన బ్రెస్లౌ నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆ నగరము రెండవ ప్రపంచ యుద్ధానంతరము పోలండులో చేరి వ్రొత్స్వావ్ అను పేర వ్యవహరింపబడుచున్నది. తండ్రి సీగ్‌ఫ్రీడ్ రంగులు, ఔషధ ద్రవ్యములు అమ్ము వర్తకుడు. బిడ్డ పుట్టిన మూడు వారములకే తల్లి పౌలా కన్నుమూసెను. భార్యావియోగముచే కుందిన తండ్రికిని, ఆ వియోగమునకు నిమిత్తమైన కుమారునకును నడుమ చిరకాలము ఒక చల్లని దూరము నిలిచియుండెను. కొన్ని ఏండ్లకు తండ్రి మరల వివాహమాడగా, వచ్చిన సవతితల్లి ఆ బాలుని ఆదరముతో పెంచెను.

హేబరు బెర్లిన్, హైడెల్‌బర్గ్ నగరములలో రసాయన శాస్త్రము నభ్యసించి 1891లో డాక్టరు పట్టము పొందెను. చదువు నడుమ ఒక సంవత్సరము స్వస్థలమందలి ఫిరంగి దళమున సైనిక శిక్షణ పొందెను. విద్యావంతులైన యువకులకు ఆ శిక్షణానంతరము రిజర్వు సైన్యమున అధికారి పదవి లభించుట ఆనాటి ఆచారము. ప్రష్యా సంఘమున ఆ పదవికున్న గౌరవము ఇంతింతనరానిది. కాని యూదులకు మాత్రము ఆ ద్వారము మూసియుండెను. హేబరు దిగువ శ్రేణి హోదాతోనే తిరిగివచ్చెను. 1892లో అతడు క్రైస్తవ మతము స్వీకరించెను. అది విశ్వాసముచే జరిగెనో, జర్మను జాతిలో కలిసిపోవలెనను కాంక్షచే జరిగెనో పైవారు నిర్ణయింపజాలరు. అయినను అతని తరువాతి జీవితమంతయు ఆ కాంక్షకే సాక్ష్యము పలుకును. తనను తనవానిగా ఒప్పుకొనని దేశమునకు తానెంతటివాడో చూపవలెనను పట్టుదల అతనిని తుదివరకు నడిపించెను. జన్మమును బట్టి రంగమధ్యమున అవమానింపబడిన కర్ణుని తపన వంటిదే అది.

1894లో హేబరు కార్ల్స్‌రూహ నగరమందలి సాంకేతిక విద్యాలయమున సహాయకుడుగా చేరెను. పదునేడేండ్లు అచ్చటనే పనిచేసి, 1906లో ఆచార్యుడయ్యెను. పగలు రాత్రి యను భేదము లేక పనిచేయుట అతని స్వభావము. నరముల బలహీనత అతనిని తరచు పీడించెడిది. కొంత స్వస్థత చిక్కగనే మరల ప్రయోగశాలకు పరుగెత్తెడివాడు.

1901లో అతడు క్లారా ఇమ్మర్‌వార్‌ను వివాహమాడెను. ఆమె సామాన్యురాలు కాదు. బ్రెస్లౌ విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రమందు డాక్టరు పట్టము పొందిన ప్రథమ మహిళ ఆమెయే. లోహ లవణములు నీట కరగు విధమును గూర్చి పరిశోధించి 1900 డిసెంబరులో ఆమె ఆ పట్టమును సంపాదించెను. స్త్రీలకు విశ్వవిద్యాలయముల వాకిళ్ళు అప్పుడప్పుడే తెరవబడుచున్న దినములవి. వివాహానంతరము కూడ శాస్త్రమున భర్తకు తోడుగా నిలువవలెనని ఆమె ఆశించెను. 1902లో హెర్మన్ అను కుమారుడు కలిగెను. బిడ్డ రోగిష్ఠి. భర్తకు ఇంటి ధ్యాస లేదు. అకస్మాత్తుగా వచ్చు అతిథులకు వండి వడ్డించుట, భర్త గ్రంథమునకు తోడ్పడుట తప్ప ఆమె చదువునకు వేఱు వినియోగము లేకపోయెను. 1909లో ఆమె తన గురువునకు వ్రాసిన లేఖలో, వివాహమైన ఎనిమిదేండ్లలో భర్త ఎంత సంపాదించుకొనెనో తాను అంత, అంతకు మించి, కోల్పోయితినని తన గోడు వెళ్ళబోసికొనెను. హేబరు కీర్తిశిఖరము నెక్కినది ఆ సంవత్సరముననే.

ఆ కీర్తికి కారణమైన సమస్య యెట్టిదో కొంత తెలిసికొనవలెను. పైరు పెరుగుటకు నత్రజని కావలెను. మనచుట్టునున్న గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనియే. కాని అందలి అణువులు జంటలుగా గట్టిగా పెనవేసికొనియుండుటచే మొక్కలు దానిని నేరుగా గ్రహింపలేవు. సముద్రమున మునిగినవానికి త్రాగుటకు నీరు లేనట్లు, నత్రజని సముద్రమున నిలిచిన పైరు నత్రజని లేక కృశించును. పశువుల పేడ, పప్పుజాతి పైరులు కొంత లోటు తీర్చును. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా దేశములు దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారినుండి సురేకారమును ఓడలకెత్తి తెచ్చుకొనుచుండెను. ఆ నిక్షేపములు ఎల్లకాలము ఉండవనియు, కృత్రిమముగా నత్రజని ఎరువు చేయు మార్గము కనుగొననిచో గోధుమ తినెడి జాతులకు కఱవు తప్పదనియు 1898లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం క్రూక్స్ హెచ్చరించెను. ఆ సురేకారమే పేలుడు మందులకు కూడ మూలద్రవ్యము. పొలమునకు కావలసినదియు ఫిరంగికి కావలసినదియు ఒక్కటే యగుట ఈ కథకంతకు కీలకము.

నత్రజనిని ఉదజనితో కలిపినచో అమ్మోనియా కావలెను. కాని ఆ సంయోగము మిక్కిలి మొండిది. వేడి తగ్గినచో చర్య నడువదు. పెరిగినచో పుట్టిన అమ్మోనియా మరల విడిపోవును. 1907లో ఒక శాస్త్రజ్ఞుల సభయందు సుప్రసిద్ధుడగు నెర్న్‌స్ట్ హేబరు గణనములను బహిరంగముగా తప్పుపట్టెను. ఆ అవమానము హేబరును నిద్రపోనీయలేదు. జెర్సీ ద్వీపవాసియగు రాబర్ట్ లె రొసిన్యోల్ అను నేర్పరియైన సహాయకునితో కలిసి, అధిక పీడనమునకు ఓర్చు యంత్రమును నిర్మించి, సుమారు 200 వాతావరణముల పీడనమున, 500 డిగ్రీలకు పైబడిన వేడిలో, ఓస్మియం అను అరుదైన లోహమును ఉత్ప్రేరకముగా నుంచి అతడు ప్రయత్నించెను. 1909 మార్చిలో అమ్మోనియా బొట్టుబొట్టుగా జారెను. జూలై 2వ తేదీన బాడిషె కంపెనీ ప్రతినిధులు చూడవచ్చిరి. సమయమునకు యంత్రమున ఒక మర విరిగెను. దానిని సరిచేయుటకు గంటలు పట్టగా, వచ్చినవారిలో ముఖ్యుడైన కార్ల్ బాష్ వేచియుండలేక వెళ్ళిపోయెను. వెనుక నిలిచిన ఆల్విన్ మిట్టాష్ మాత్రము ఆ ద్రవము కారుటను కన్నులార చూచి, కంపెనీకి నమ్మకము కలిగించెను.

బల్లమీద జరిగిన చిన్న ప్రయోగమును కర్మాగారముగా మార్చిన ఘనత బాష్‌ది. వేడెక్కిన ఉదజని ఉక్కులోనికి చొచ్చి దానిని పెళుసుబార్చి బ్రద్దలు చేయుచుండెను. ఉక్కు గొట్టములోపల మెత్తని ఇనుముతో మరియొక గొట్టమమర్చి బాష్ ఆ చిక్కు విప్పెను. మిట్టాష్ వేలకొలది ద్రవ్యములను పరీక్షించి, ఓస్మియమునకు బదులుగా చౌకయైన ఇనుపధాతువుతో పని జరుగునని తేల్చెను. 1913లో ఒప్పావు గ్రామమున ప్రప్రథమ అమ్మోనియా కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను. గాలినుండి రొట్టె పుట్టెనని లోకము ఆశ్చర్యపడెను.

అప్పటికే హేబరు బెర్లిన్ చేరియుండెను. 1911లో డాలెం పేటయందు చక్రవర్తి పేర వెలసిన భౌతిక రసాయన పరిశోధన సంస్థకు అతడు అధిపతి యయ్యెను. అల్బర్ట్ ఐన్‌స్టయిన్‌ను బెర్లిన్ రప్పించుటకు పాటుపడినవారిలో అతడొకడు. ఐన్‌స్టయిన్ వచ్చిన క్రొత్తలో హేబరు సంస్థలోనే గది ఏర్పాటయ్యెను. ఐన్‌స్టయిన్ దంపతుల నడుమ పొరపొచ్చెములు వచ్చినప్పుడు మధ్యవర్తిగా నిలిచినదియు హేబరే. ఇరువురును యూదులే, ఇరువురును మిత్రులే. కాని ఒకడు దేశాభిమానమను మాటనే శంకించెను. రెండవవాడు దానికి సర్వస్వము నర్పించెను.

1914 ఆగస్టులో మహాయుద్ధము ఆరంభమయ్యెను. హేబరు తానై వెళ్ళి సేవకు సంసిద్ధత తెలిపెను. జర్మనీ చర్యలను సమర్థించుచు 93 మంది విద్వాంసులు వెలువరించిన ప్రకటనపై సంతకము చేసెను. బ్రిటిషు నౌకాదళము సముద్ర మార్గములను అడ్డగించుటచే చిలీ సురేకారము రాక నిలిచిపోయెను. కొన్ని నెలలలోనే జర్మనీకి మందుగుండు సామగ్రి అడుగంటవలసియుండెను. అప్పుడు అమ్మోనియా ఆదుకొనెను. అమ్మోనియానుండి నత్రికామ్లము, దానినుండి పేలుడు మందు. పొలములకని పుట్టిన కర్మాగారము ఫిరంగులకు తిండి పెట్టెను. ఆ పరిశోధనయే లేకున్నచో యుద్ధము ఎంతో ముందుగా ముగిసియుండెడిదని పలువురు చరిత్రకారులు తలంచుచున్నారు.

యుద్ధమంత్రి కార్యాలయమున రసాయన విభాగమునకు హేబరు పెద్ద యయ్యెను. అతని సంస్థ సైనిక ప్రయోగశాలగా మారెను. 1914 డిసెంబరులో అచ్చట జరిగిన ప్రేలుడులో ఓటో సాక్కుర్ అను ప్రతిభాశాలి దుర్మరణము చెందెను. అతడు బ్రెస్లౌ నాటినుండి క్లారాకు పరిచితుడైన సహాధ్యాయి. పని ఆగలేదు.

ఆ శీతకాలమున ఇరుపక్షముల సైన్యములును కందకములలో కదలక నిలిచిపోయినవి. శత్రువును కందకమునుండి వెడలగొట్టుటకు హేబరు చూపిన ఉపాయము క్లోరిన్ వాయువు. రంగుల పరిశ్రమయందది సమృద్ధిగా నుండెను; ఉక్కు సిలిండర్లలో ద్రవముగా నింపవచ్చును; గాలికంటె రెండున్నర రెట్లు బరువగుటచే నేల నంటి ప్రాకి పల్లములలోనికి, కందకములలోనికి దిగును. విషవాయువులు వెదజల్లు గుండ్లను నిషేధించు హేగ్ ఒప్పందముపై 1899లో జర్మనీ కూడ సంతకము చేసియుండెను. సిలిండరు గుండు కాదు గదా యని జర్మను సేనానులు సమాధానము చెప్పుకొనిరి. ధర్మమును మాటల సందులనుండి తప్పించుకొనిపోవుట యుద్ధమున క్రొత్త కాదు. వాయుప్రయోగమునకు ప్రత్యేక దళము ఏర్పడెను. తరువాత నోబెల్ బహుమానము పొందిన జేమ్స్ ఫ్రాంక్, గుస్టావ్ హెర్ట్స్, ఓటో హాన్ మొదలగు యువ శాస్త్రజ్ఞులు అందు పనిచేసిరి. మాక్స్ బార్న్ మాత్రము ఆ పనికి ఒప్పుకొనలేదు.

బెల్జియం దేశమున ఈప్ర్ పట్టణము చెంత 5,700కు పైగా సిలిండర్లను రాత్రులందు భూమిలో పాతిపెట్టిరి. పిమ్మట గాలి అనుకూలించుటకై వారముల తరబడి వేచియుండిరి. హేబరు స్వయముగా యుద్ధరంగమున నిలిచి ఏర్పాట్లు చూచుచుండెను. 1915 ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలము ఉత్తరపు గాలి మెల్లగా వీచెను. సిలిండర్ల మూతలు విప్పిరి. సుమారు 150 టన్నుల క్లోరిన్ ఆరు కిలోమీటర్ల పొడవున పసుపు కలిసిన ఆకుపచ్చని మేఘమై ఫ్రెంచి కందకములవైపు నడచెను. అచ్చటనున్నవారు ఫ్రాన్సు దేశపు వయసు మళ్ళిన సైనికులు, అల్జీరియానుండి వచ్చిన పటాలములవారు. ఊపిరాడక, కన్నులు కనబడక, కొందఱు పడినచోటనే గ్రుక్కుకొని మరణించిరి, తక్కినవారు పరుగెత్తిరి. గడియలలో కిలోమీటర్ల మేర రక్షణ రేఖ ఖాళీ యయ్యెను. కాని జర్మను సేనాధిపతులు దీనిని కేవలము పరీక్షగా నెంచి తగిన సైన్యమును వెనుక నుంచలేదు. కెనడా సైనికులు ఆ సందును పూడ్చిరి. ఊరు చిక్కలేదు, విషయుద్ధము మాత్రము లోకమునకు వచ్చెను.

ఆ విషము మన దేశపు బిడ్డలను కూడ తాకినది. ఏప్రిల్ 26వ తేదీన అదే ఈప్ర్ ప్రాంతమున ఎదురుదాడికి పంపబడిన లాహోరు డివిజన్‌పై జర్మనులు వాయువును విడిచిరి. ముఖమునకు కట్టుకొనుటకు తడిగుడ్డ తప్ప వారికి వేఱు రక్షణ లేదు. అధికారులు నేలకొఱగగా జమేదార్ మీర్ దస్త్ మిగిలినవారిని కూడగట్టి నిలిచి, గాయపడినవారిని మోసి తెచ్చి, విక్టోరియా క్రాస్ పతకము పొందెను. ఆ వాయువు చేసిన హాని మాత్రము పతకముతో మానలేదు.

హేబరును చక్రవర్తి కెప్టెను పదవికి హెచ్చించెను. పాతికేండ్ల క్రిందట యూదుడని నిరాకరింపబడిన అధికారి దుస్తులు ఇప్పుడతని ఒంటిపైకి వచ్చినవి. అతడు కోరినది లభించెను. దాని వెల ఏమో తెలియుటకు కొన్ని దినములే పట్టినవి.

1915 మే 2వ తేదీ తెల్లవారుజామున, డాలెంలోని తమ యింటి తోటలో, భర్త సైనిక పిస్తోలుతో క్లారా తన్ను తాను కాల్చుకొనెను. ఆ శబ్దమునకు పరుగెత్తివచ్చి తల్లిని చూచినవాడు పండ్రెండేండ్ల హెర్మన్. ఆమె ఏమి వ్రాసి పోయెనో చెప్పు లేఖ నిలువలేదు. విషవాయువుపై ఏవగింపే కారణమని కొందఱు, ఏండ్ల తరబడి అణగిన దాంపత్య దుఃఖమని కొందఱు చెప్పుదురు. ఒక మనసులో ఆ రెండింటిని వేఱుచేసి చూచుట సాధ్యము కాదు. శాస్త్రము చదివిన స్త్రీ, శాస్త్రము చేసిన పనిని చూచెను. శాస్త్రము చేయనీయని జీవితమును కూడ చూచెను. అంతవరకు చెప్పుటయే న్యాయము. ఆ మరునాడే హేబరు తూర్పు రణరంగమునకు బయలుదేరెను. అచ్చట రష్యనులపై ప్రయోగింపవలసిన వాయువు సిద్ధమగుచుండెను. కన్నతల్లి రక్తము చూచిన కుమారుడు ఇంటనే యుండెను. ఈ ఒక్క ప్రయాణమును తలచుకొన్నచో, హేబరును ఎంత అభిమానించువారికైనను మాట పెగలదు.

పిమ్మట మూడేండ్లు హేబరు విరామ మెఱుగడు. 1917 నాటికి అతని సంస్థయందు సుమారు 1,500 మంది పనిచేయుచుండిరి. క్లోరిన్ తరువాత ఫాస్జీన్, 1917 జూలైలో చర్మమును సైతము కాల్చు మస్టర్డ్ వాయువు వచ్చినవి. వాయువు సాంద్రతను, పీల్చిన కాలమును హెచ్చవేసినచో వచ్చు లబ్ధమును బట్టి మరణమును లెక్కించు సూత్రమొకటి హేబరు పేర నిలిచెను. మరియొక ప్రక్క సొంత సైనికులను కాపాడు ముసుగులు కూడ అతని పర్యవేక్షణముననే తయారయ్యెను; వాని వడపోత సాధనమును రిషార్డ్ విల్‌స్టాటర్ రూపొందించెను. బ్రిటిషువారు, ఫ్రెంచివారు కూడ ఊరకుండలేదు; 1915 సెప్టెంబరులోనే బ్రిటిషువారు క్లోరిన్‌ను తిరిగి విడిచిరి. యుద్ధము ముగియునాటికి విషవాయువులచే సుమారు 90,000 మంది మరణించిరనియు, పది లక్షలకు పైగా పీడితులైరనియు అంచనా.

హేబరు తన పనికి ఎన్నడును పశ్చాత్తాపము ప్రకటింపలేదు. చావు ఏ రూపమున వచ్చినను చావేననియు, ఇనుప తునకలకంటె వాయువు క్రూరమైనది కాదనియు, దీనిచే యుద్ధము త్వరగా ముగిసి అసంఖ్యాకుల ప్రాణములు దక్కుననియు అతని వాదము. ఈ వాదము చరిత్ర యెదుట నిలువలేదు. యుద్ధము త్వరగా ముగియలేదు; రెండు పక్షములకును క్రొత్త చావు మాత్రము లభించెను. సాటి జర్మను రసాయనికుడు హెర్మన్ స్టాడింగర్ ఆనాడే బహిరంగముగా దీనిని ఖండించెను. హేబరు అతనిని దేశమునకు కీడు చేసినవానిగా నిందించెను. శాంతికాలమున శాస్త్రజ్ఞుడు మానవజాతికి, యుద్ధకాలమున స్వదేశమునకు చెందినవాడని హేబరు విశ్వాసము. కాని మనుష్యుని అట్లు రెండుగా కోయుటకు ఏ ప్రయోగశాలలోను పనిముట్టు లేదు.

1917 అక్టోబరులో అతడు షార్లోట్ నాథన్‌ను పునర్వివాహమాడెను. ఇద్దఱు బిడ్డలు కలిగిరి. 1927లో ఆ బంధము కూడ తెగిపోయెను. 1918లో జర్మనీ ఓడిపోయెను. యుద్ధాపరాధిగా పట్టుకొందురను భయమున హేబరు గడ్డము పెంచి కొంతకాలము స్విట్జర్లండున తలదాచుకొనెను. ఆ స్థితిలోనే వింత జరిగెను. నిలిపివేసియుంచిన 1918 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమానమును, అమ్మోనియా సంయోగమునకు గాను, 1919 నవంబరులో అతనికి ప్రకటించిరి. మిత్రరాజ్యముల శాస్త్రజ్ఞులు పలువురు నిరసించిరి. అన్నము పెట్టిన చేతికి ఇచ్చిరే గాని, రెండవ చేతిని చూచి కాదని బహుమాన దాతల భావము. అదే చేయి గదా రెండును!

ఓడిన దేశముపై విజేతలు 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారము మోపిరి. గాలినుండి అన్నము తీసినవాడు నీటినుండి బంగారము తీసి ఆ ఋణము తీర్పదలచెను. సముద్రజలమున టన్నుకు కొన్ని మిల్లీగ్రాముల బంగారము కలదని అప్పటి లెక్కలు. 1923లో న్యూయార్కు పోవు ఓడలో ప్రయోగశాల అమర్చుకొని అతడు ప్రయాణించెను. వివిధ సముద్రముల నీటిని తెప్పించి వేలకొలది పరీక్షలు చేసెను. తుదకు తేలినది, అనుకొన్నదానిలో వేయింట ఒక వంతు కూడ లేదని. ఆ నిజమును తానే ప్రకటించి ఆ పని విరమించుకొనెను. ఈ విషయమున అతని నిజాయితీ మెచ్చదగినది.

ఆ దినములలోనే అతని సంస్థలో ధాన్యపు గిడ్డంగులను, ఓడలను పాడుచేయు పురుగులను చంపుటకు హైడ్రోజన్ సయనైడ్ వాయువుపై పరిశోధనలు జరిగెను. ఆ పరిశోధనల దారిలోనే జైక్లాన్ అను కీటకనాశిని, అటుపిమ్మట జైక్లాన్ బి వెలువడినవి. పురుగులకని చేసిన ఆ విషముతోనే రెండవ ప్రపంచ యుద్ధకాలమున నాజీలు ఆష్విట్జ్ మొదలగు చోట్ల లక్షలకొలది యూదులను హతమార్చిరి. హతులైన వారిలో హేబరు బంధువులు కూడ కలరు. అప్పటికి హేబరు జీవించియుండలేదు. ఉండినచో ఏమని సమాధానము చెప్పుకొనెడివాడో!

1933 జనవరిలో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఏప్రిల్ 7వ తేదీన యూదులను ప్రభుత్వోద్యోగములనుండి తొలగించు శాసనము వెలువడెను. యుద్ధమున సేవచేసిన వారికి మినహాయింపు కలదు. హేబరు తాను పదవిలో నిలిచి, తన క్రింది యూదు శాస్త్రజ్ఞులను వెడలగొట్టవలెను. బాప్తిస్మము, కెప్టెను పదవి, నోబెల్ బహుమానము — ఏదియు అతనిని జర్మనునిగా చేయలేదు. జీవితమంతయు ఆజ్ఞ శిరసావహించినవాడు అప్పుడు మొదటిసారిగా కాదనెను. నలుబది యేండ్లుగా సహచరులను వారి బుద్ధిని, శీలమును బట్టి ఎన్నుకొంటినే గాని వారి తాతముత్తాతలను బట్టి కాదనియు, ఇక మారజాలననియు తెలుపుచు ఏప్రిల్ 30వ తేదీన రాజీనామా పంపెను. మాక్స్ ప్లాంక్ స్వయముగా హిట్లరును కలిసి హేబరు పక్షమున చెప్పిచూచెను, ఫలితము లేకపోయెను. కర్ణునకు సుయోధనుడైనను తుదివరకు తోడు నిలిచెను. హేబరునకు ఆ భాగ్యము కూడ దక్కలేదు.

ఆ సంవత్సరముననే అతడు స్వదేశము విడిచెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విలియం పోప్ అతనికి చోటు కల్పించెను. యుద్ధకాలమున బ్రిటిషువారికి మస్టర్డ్ వాయువు చేసిపెట్టిన రసాయనికుడే ఈ పోప్! అచ్చటనే రూథర్‌ఫర్డ్ విషవాయు యుద్ధమునకు కర్తయైనవానితో కరచాలనము చేయుటకు అంగీకరింపలేదని మాక్స్ బార్న్ తెలిపియున్నాడు. పాలస్తీనాలోని రెహోవోత్ నగరమున తాను నెలకొల్పుచున్న పరిశోధన సంస్థకు రమ్మని చైమ్ వైజ్‌మన్ ఆహ్వానించెను. గుండెజబ్బుతో కృశించిన హేబరు విశ్రాంతికై స్విట్జర్లండు చేరి, 1934 జనవరి 29వ తేదీన బాసెల్ నగరమున ఒక హోటలు గదిలో కన్నుమూసెను. ప్రాణము దేశమున కర్పించినవానికి చచ్చుటకు సొంత దేశమున చోటు లేకపోయెను.

సంవత్సరము గడచిన పిమ్మట ప్లాంక్ బెర్లినులో సంస్మరణ సభ ఏర్పాటు చేసెను. విశ్వవిద్యాలయముల ఆచార్యులు వెళ్ళరాదని ప్రభుత్వము నిషేధించెను. అయినను సభ జరిగెను. ఓటో హాన్ మాటలాడెను. రాలేకపోయిన ఆచార్యుల బదులు వారి భార్యలు పలువురు వచ్చి కూర్చుండిరి.

తన ప్రక్కనే క్లారా ఉండవలెనని హేబరు మరణశాసనమున కోరియుండెను. ఆమె చితాభస్మమును తరువాత బాసెల్ చేర్చిరి. హోర్న్లి శ్మశానవాటికలో ఆ దంపతులు ఒకే రాతిక్రింద ఉన్నారు. కుమారుడు హెర్మన్ అమెరికాకు వలసపోయి, 1946లో తల్లి దారినే ప్రాణము తీసికొనెను. రెండవ భార్యకు కలిగిన కుమారుడు లుడ్విగ్ హేబరు చరిత్రకారుడై, 1986లో విషవాయు యుద్ధ చరిత్రను విపులముగా వ్రాసి ప్రకటించెను. తండ్రి చేసిన పనిని దాపరికము లేక తూచి చూచిన కుమారుడు అరుదు. పితృఋణము తీర్చుకొను విధములలో అదియు ఒకటి.

1993లో దేశములన్నియు కూడి రసాయనాయుధములను చేయుట, దాచుట, ప్రయోగించుట సర్వము నిషేధించు ఒప్పందమును సిద్ధపఱచినవి. 1997లో అది అమలునకు వచ్చెను. ఇంకొక ప్రక్క, హేబరు చూపిన మార్గముననే లోకమంతట అమ్మోనియా తయారగుచున్నది. 2021లో మరల ఉత్పత్తి ప్రారంభించిన రామగుండపు ఎరువుల కర్మాగారమున నడచునదియు ఆ మార్గమే. గోదావరి, కృష్ణా డెల్టాలలో నాట్లు పడిన పిమ్మట రైతు చల్లు గుప్పెడు యూరియాలో ఆ జర్మను ఆచార్యుని మేధస్సు కలదు. మన కంచములోని అన్నమున కూడ కలదు.

కావున హేబరును కేవలము నిందించి చేయి కడుగుకొనుటకు మనకు అధికారము లేదు. అతని అన్నము మనము తినుచున్నాము. కేవలము కీర్తించుటకును అధికారము లేదు. ఈప్ర్ కందకములలో పడినవారు ఒప్పుకొనరు. తన విద్యను ఎవరి చేతిలో పెట్టుచున్నాడో, దానితో వారేమి చేయుదురో అడుగక, ఆజ్ఞను మాత్రమే అడిగిన విద్వాంసుని కథ యిది. ఆ ప్రశ్నను అతని యింటనే ఒకరు అడిగియుండవచ్చును. వినుటకు అతనికి తీరిక లేకపోయెను.